బేస్ గిటార్ కేబుల్‌కి ఎంత పెట్టాలి, దేనికి పెట్టాలి

6 మీటర్ల గిటార్ కేబుల్ రూ. 400కీ దొరుకుతుంది, రూ. 8,000కీ దొరుకుతుంది. రెండింటి లోపలా ఉండేవి అవే: మధ్యలో రాగి పోగులు, వాటి చుట్టూ ఇన్సులేషన్, దాని మీద బయటి రొదని ఆపే లోహపు పొర (షీల్డ్), పైన రబ్బరు తొడుగు, చెరో కొసన ఒక ప్లగ్. బేస్ వాయించేవాళ్లు రూ. 400ది కొనొద్దు, రూ. 8,000దీ కొనొద్దు. వెయ్యి, పదిహేను వందల మధ్యలో, ప్లగ్గులు విప్పి బాగుచేసుకోగల కేబుల్ తీసుకోవాలి. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే సొంతంగా చేసుకోవాలి. మిగిలిన డబ్బు డీఐ బాక్స్ మీద, అంటే బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె మీద పెట్టాలి. ధరలు అటూ ఇటూ మారినా ఈ లెక్క మారదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు వాయించేవాళ్లకి "విప్పి బాగుచేసుకోగల" అన్నది అన్నిటికంటే ముఖ్యం. శనివారం రాత్రి ప్రాక్టీసులో కేబుల్ పోయిందంటే ఆదివారం ఉదయం ఆరాధనకి కొత్తది దొరకదు. రకరకాల కేబుళ్లు పెట్టి అమ్మే షాపు కావాలంటే చాలామంది విశాఖపట్నం బయల్దేరాల్సిందే. విజయనగరం నుంచి అది 60 కిలోమీటర్ల పని, శ్రీకాకుళం నుంచి 100 దాటిన పని. ఇచ్ఛాపురం వాళ్లకైతే ఒక రోజు పోయినట్టే. అదే ప్లగ్ మూత విప్పేదైతే, ఊళ్లో టీవీలు బాగుచేసే కుర్రాడు పది నిమిషాల్లో అతికి ఇచ్చేస్తాడు. ప్లగ్‌నీ వైరునీ కలిపి ప్లాస్టిక్‌తో పోతపోసిన చౌక కేబుల్ పోతే పారేయడం తప్ప దారి లేదు.

ధరతో శబ్దం మారుతుందా

కొంత మారుతుంది. ఎందుకు మారుతుందో తెలిస్తే ఎంత మారుతుందో కూడా తెలుస్తుంది.

కేబుల్‌లో మధ్య తీగకీ షీల్డ్‌కీ నడుమ ఇన్సులేషన్ ఉంది కాబట్టి కేబుల్ మొత్తం ఒక కెపాసిటర్‌లా, అంటే కొంచెం చార్జిని దాచుకునే భాగంలా పనిచేస్తుంది. మామూలు కేబుల్‌లో ఈ గుణం (కెపాసిటెన్స్) మీటరుకి 100 పికోఫ్యారడ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. పాసివ్ బేస్‌లోని (అంటే లోపల బ్యాటరీ లేనిదానిలోని) పికప్, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం, వేల చుట్ల సన్న తీగ, దానికి కొన్ని హెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ తెస్తాయి. ఆ చోట శబ్దం కొంచెం పైకి లేచి, అక్కణ్నుంచి ట్రెబుల్ (పై స్వరాలు) గబగబా పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. పికప్ 4 హెన్రీలు, దాని సొంత కెపాసిటెన్స్ 100 పికోఫ్యారడ్‌లు అనుకుందాం. మీటరుకి 100 పికోఫ్యారడ్‌ల కేబుల్ 3 మీటర్లు పెడితే రెజొనెన్స్ సుమారు 4,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అదే కేబుల్ 6 మీటర్లైతే 3,000 హెర్ట్జ్. మీటరుకి 150 ఉన్న కేబుల్ 10 మీటర్లు లాగితే 2,000కి దిగిపోతుంది. తేడా ఉన్నమాట నిజమే, అయితే దాన్ని తెచ్చింది ధర కాదు, పొడవూ కెపాసిటెన్సూ. స్టూడియోల్లో పేరున్న కానరే జీఎస్-6కి మీటరుకి 160 పికోఫ్యారడ్‌లు, మొగామి 2524కి 130. ఆ కేబుళ్లు గట్టివి, నమ్మకమైనవి. కెపాసిటెన్స్ ఒక్కటే చూస్తే మాత్రం వాటికంటే తక్కువ ధర కేబుళ్లలోనే తక్కువ అంకె కనిపించొచ్చు.

ఇక బేస్ సంగతి. మీ టోన్ నాబ్ వెనక సాధారణంగా 47 నానోఫ్యారడ్‌ల కెపాసిటర్ ఉంటుంది. 10 మీటర్ల మామూలు కేబుల్ మొత్తం కలిపితే 1 నానోఫ్యారడ్ (1,000 పికోఫ్యారడ్‌లు). టోన్ నాబ్ పూర్తిగా మూసినప్పుడు పికప్ మీద పడే కెపాసిటెన్స్ కేబుల్ తెచ్చేదానికి 47 రెట్లు. కాబట్టి వేళ్లతో, టోన్ సగం మూసుకుని పాటకి అడుగున నిలబడే బేస్ వాయించేవాళ్లకి కేబుల్ మార్పు వినపడే అవకాశమే లేదు. స్లాప్ (బొటనవేలితో తీగని కొట్టి) వాయించేవాళ్లకీ, కొత్త స్టీల్ తీగలు వేసి పిక్‌తో టోన్ పూర్తిగా తెరిచి వాయించేవాళ్లకీ 3 మీటర్లకీ 10 మీటర్లకీ తేడా తెలుస్తుంది. వాళ్లు చేయాల్సింది పొట్టి కేబుల్ వాడటం. దానికి అదనంగా ఖర్చు లేదు సరికదా, మిగులుతుంది.

బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉందంటే అది యాక్టివ్ బేస్, ఈ లెక్కంతా పక్కన పెట్టేయొచ్చు. లోపలి యాక్టివ్ ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందే పెంచే సర్క్యూట్) ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి అది ఇచ్చే అడ్డు, కిలోఓమ్ చుట్టుపక్కలే ఉంటుంది. 1 కిలోఓమ్‌కి 1 నానోఫ్యారడ్ కేబుల్ తగిలిస్తే ట్రెబుల్ పడిపోవడం మొదలయ్యేది 1,50,000 హెర్ట్జ్ దాటాక. మనిషి చెవి 20,000 దగ్గర ఆగిపోతుంది. యాక్టివ్ బేస్‌కి శబ్దం కోసమని ఖరీదైన కేబుల్ కొనడం పూర్తిగా వృథా.

ఆక్సిజన్ లేని రాగి, వెండి పూత, బంగారు పూత అన్న మాటలకి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. కేబుల్ రెసిస్టెన్స్ మొత్తం ఒకటి రెండు ఓమ్‌లు, అవతల యాంప్ ఇన్‌పుట్ 10 లక్షల ఓమ్‌లు. రాగి ఎంత శుద్ధమైనదైనా ఈ నిష్పత్తిలో లెక్కకి రాదు. బంగారు పూత తుప్పు పట్టదు, అది నిజం. కానీ పొర చాలా పల్చన, రోజూ పెట్టి తీసే ప్లగ్ మీద కొన్నాళ్లకి అరిగిపోతుంది. నికెల్ పూత గట్టిది, అప్పుడప్పుడు తుడుచుకుంటే చాలు.

నమ్మకం కుదరకపోతే పరీక్ష పెట్టుకోండి. ఒకే పొడవున్న రెండు కేబుళ్లు, ఒకటి చౌకది, ఒకటి ఖరీదైనది తీసుకోండి. పాసివ్ బేస్ టోన్ పూర్తిగా తెరిచి, యాంప్‌లో ఈక్యూ (బేస్, ట్రెబుల్ నాబ్‌లు) అంతా మధ్యలో ఉంచండి. మీకు కనపడకుండా తోటివాళ్లు కేబుల్ పెట్టాలి. ఒక్కోసారి మార్చాలి, ఒక్కోసారి మార్చినట్టు చప్పుడు చేసి అదే ఉంచాలి. ఏది పెట్టిందీ వాళ్లు కాగితం మీద రాసుకోవాలి, మీ జవాబు మీరు రాసుకోవాలి. 10 సార్లు చేయండి. ఊరికే చెప్పినా 8 లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం 5 శాతం పైచిలుకు ఉంది, 9 లేదా అంతకంటే ఎక్కువ కావాలంటే అది 1 శాతానికి పడిపోతుంది. 9 సరిగ్గా చెప్పగలిగితే మీ చెవికి తేడా నిజంగానే తెలుస్తోందని అర్థం.

బేస్ అసలు పాడయ్యే చోటు

చర్చిల్లో, కల్యాణమండపాల్లో తరచూ కనిపించే అమరిక ఇది: బేస్‌కి యాంప్ ఉండదు. 15, 20 మీటర్ల మోనో కేబుల్ వేసి బేస్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టేస్తారు. శబ్దం బోలుగా, మెత్తగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది. "కేబుల్ మంచిది కాదు" అని ఖరీదైనది కొంటారు. మార్పు రాదు.

తప్పు కేబుల్‌ది కాదు, ఇన్‌పుట్‌ది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ చాలా వాటిలో 10 కిలోఓమ్‌ల పైన కొద్దిగా ఉంటుంది. పాసివ్ బేస్‌కి కావలసింది 500 కిలోఓమ్‌ల నుంచి 1 మెగాఓమ్. 8 కిలోఓమ్‌ల, 4 హెన్రీల పికప్‌ని 10 కిలోఓమ్‌ల ఇన్‌పుట్‌లో పెడితే అడుగు స్వరాలే సుమారు 5 డెసిబెళ్లు తగ్గుతాయి. 1,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు 10 డెసిబెళ్లు పోతాయి. వేలి చప్పుడు, స్వరం మొదలయ్యే ఆ స్పష్టత ఉండేది సరిగ్గా అక్కడే. ఏ కేబుల్ మార్చినా ఇంత తేడా రాదు.

మిక్సర్‌లో "ఇన్‌స్ట్రుమెంట్" అనో "హై-జెడ్" అనో మీట ఉన్న చానల్ ఉంటే ముందు అందులో పెట్టి చూడండి. లేదంటే డీఐ బాక్స్ కావాలి. పాసివ్ బేస్‌కి యాక్టివ్ డీఐ సరిపోతుంది. అది మిక్సర్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీద గానీ, బ్యాటరీ మీద గానీ నడుస్తుంది. యాక్టివ్ బేస్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ చాలు. డీఐని మీ కాళ్ల దగ్గరే పెట్టుకుని, బేస్ నుంచి దానికి 3 మీటర్ల కేబుల్ వేసి, అక్కణ్నుంచి మిక్సర్ దాకా మైకులకి వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ లాగండి. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో సిగ్నల్ రెండు తీగల్లో ఎదురెదురుగా వెళ్తుంది. దారిలో రెండింటికీ సమానంగా అంటిన రొద చివర్లో కొట్టుకుపోతుంది. 30 మీటర్లైనా ఇబ్బంది ఉండదు. రూ. 8,000 కేబుల్ డబ్బులో డీఐ, పొట్టి కేబుల్, ఎక్స్‌ఎల్‌ఆర్ మూడూ వచ్చేస్తాయి.

హమ్ గురించి బేస్ వాళ్లు ఎక్కువ పట్టించుకోవాలి

యాంప్‌లోంచి ఆగకుండా వచ్చే గుయ్యిమనే మోతే హమ్. అది కరెంటు నుంచి వస్తుంది, మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో అన్నిటికంటే అడుగు స్వరం ఇచ్చే "ఈ" (E) తీగ 41.2 హెర్ట్జ్. దాని మూడో ఫ్రెట్ మీద వచ్చే జీ (G) స్వరం 49 హెర్ట్జ్, నాలుగో ఫ్రెట్ 51.9. అంటే కరెంటు హమ్ మీ ఫ్రెట్‌బోర్డు మీద మూడుకీ నాలుగుకీ మధ్య కూర్చుని ఉంది. లీడ్ గిటార్ వాళ్లు అడుగు స్వరాలు కోసేసి హమ్ తగ్గించుకోగలరు. బేస్ వాళ్లు కోస్తే స్వరమే పోతుంది. జీ పట్టుకున్నప్పుడు హమ్‌తో కలిసి ఒక్క హెర్ట్జ్ తేడాతో ఊగుతున్నట్టు వినపడేది కూడా దీనివల్లే. కాబట్టి హమ్‌ని ఈక్యూతో కాకుండా, మొదట్లోనే ఆపాలి.

ఎక్కణ్నుంచి వస్తోందో ఇలా పట్టుకోండి. కేబుల్ ఒక కొస యాంప్‌లో ఉంచి రెండో కొస ఖాళీగా వదిలేస్తే హమ్ రావడం సహజం, దాన్ని చూసి కేబుల్ పోయిందనుకోవద్దు. బేస్ తగిలించి వాల్యూమ్ సున్నా చేయండి. ఇప్పుడు రొద ఆగిపోవాలి. ఆగకపోతే అది కేబుల్ షీల్డ్, యాంప్, లేదా ఎర్త్. వాల్యూమ్ పెంచితేనే వస్తోందంటే అది పికప్ లాగుతున్న రొద. సింగిల్ కాయిల్ (ఒకే తీగ చుట్ట ఉన్న) పికప్పులైతే పక్కకి తిరిగి నిలబడితే తగ్గుతుంది. తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గిపోతుంటే బేస్ లోపలి షీల్డింగ్ చూడాలి. ఈ మూడింటిలో కేబుల్ మారిస్తే పోయేది మొదటి రకంలో ఒక భాగమే.

సన్నగా, గీరినట్టు వచ్చే రొద వేరు. పందిట్లో సీరియల్ లైట్లు, తిప్పి వెలుగు తగ్గించే డిమ్మర్లు, చౌక ఎల్‌ఈడీ అడాప్టర్లు దానికి మూలం. బేస్ కేబుల్‌ని లైట్ల వైర్లతో కలిపి కట్టనివ్వకండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన పొడుగ్గా పరచొద్దు.

ఎర్త్ విషయంలో ఒక హెచ్చరిక. గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌లు రెండు దారుల్లో కలిసి చుట్టుగా మారడం) తెచ్చే హమ్ పోతుందని ప్లగ్ నుంచి ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. బేస్ తీగలు యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి, మైకు మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెండూ వేర్వేరు బోర్డుల నుంచి, ఒకదానికి ఎర్త్ లేకుండా ఉంటే, చేతిలో బేస్ పట్టుకుని మైకుకి పెదవి ఆనించినప్పుడు కరెంటు మీలోంచి వెళ్తుంది. జనరేటర్ మీద నడిచే తీర్థాల స్టేజీల్లో వాయించేముందు మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక మొన బేస్ తీగకి, రెండోది మైకు జాలీకి ఆనించి చూడండి. అంకె సున్నా దగ్గర ఉండాలి. పదుల వోల్టులు చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా వాయించొద్దు. గ్రౌండ్ లూప్‌కి సరైన మందు డీఐ బాక్స్ మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ మీట. అది సిగ్నల్ ఎర్త్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు.

కొనేటప్పుడు చేత్తో చూడాల్సినవి

ప్లగ్ మూత తిప్పి విప్పండి. విప్పనివ్వకపోతే ఆ కేబుల్ వదిలేయండి. లోపల వైరు పై తొడుగుని పట్టి ఉంచే బిగింపు ఉందా చూడండి. న్యూట్రిక్ ప్లగ్గుల్లో ఇది ప్లాస్టిక్ దవడలాంటి ముక్క, మూత బిగించేకొద్దీ వైరుని నొక్కుతుంది. దాని చౌక తోబుట్టువు రీన్ కూడా బాగానే నిలుస్తుంది. కొన్ని ప్లగ్గుల్లో రేకు చెవులు వంచి నొక్కుతారు. అవి పై తొడుగు మీదే ఉండాలి, లోపలి తీగ మీద కాదు. న్యూట్రిక్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయి. దారాలు గరగరలాడినా, మూత వదులుగా కూర్చున్నా తీసుకోవద్దు. ఊళ్లో ఎలక్ట్రానిక్ సామాన్ల షాపులో విడి ప్లగ్ అడిగేటప్పుడు "పీ-38 మోనో" అంటే వెంటనే అందుకుంటారు. అదే మన 6.35 మిల్లీమీటర్ల జాక్.

షీల్డ్ మూడు రకాలు. అల్లిన షీల్డ్ స్టేజీకి గట్టిది, అతకడానికి కొంచెం చాకిరీ. ఒకవైపుకి చుట్టిన షీల్డ్ మెత్తగా వంగుతుంది, విప్పడం తేలిక, ఏళ్ల తరబడి మెలిపెడితే చుట్ల మధ్య సందులు పడతాయి. ఫాయిల్ షీల్డ్ కదలకుండా గోడలో వేసే వైర్లకి బాగుంటుంది. స్టేజీ మీద తొక్కుడుకి పగిలిపోతుంది, వద్దు.

మైక్రోఫోనిక్ రొద పరీక్ష షాపులోనే చేయండి. బేస్ తగిలించి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, తీగల్ని చేత్తో అదిమి, కేబుల్‌ని నేలకి తట్టండి. టపటపా యాంప్‌లోంచి వినపడితే లోపల ఇన్సులేషన్ మీద ఉండాల్సిన నల్లటి కార్బన్ ప్లాస్టిక్ పొర లేదన్నమాట. స్టేజీ మీద అటూ ఇటూ కదిలే బేసిస్టుకి ఇది పెద్ద చికాకు. వాల్యూమ్ సున్నాలో ఉంచి తడితే ఏమీ వినపడదు, కాబట్టి పెంచే చూడాలి.

మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ కొలిచే వీలుంటే రెండు కొసలూ ఖాళీగా వదిలి, ఒక ప్లగ్ మొనకీ దాని ఒంటికీ (మొన వెనక ఉండే పొడవాటి లోహపు భాగానికి) మీటర్ ఆనించండి. 6 మీటర్ల కేబుల్ 0.5 నుంచి 0.9 నానోఫ్యారడ్‌ల మధ్య చూపిస్తే బాగుంది. 1.5 దాటితే పాసివ్ బేస్‌కి వద్దు.

బేస్ వైపు వంపు ప్లగ్ మంచిది. జాక్ పక్కన గానీ, ముందు పలక మీద గానీ ఉండే బేస్‌లో నిటారు ప్లగ్ బయటికి పొడుచుకొచ్చి, మోకాలు తగిలినప్పుడల్లా లోపలి జాక్‌ని పెకలిస్తుంది.

సొంతంగా చేసుకోవడం

కావలసినవి: కార్బన్ పొర ఉన్న ఒంటి తీగ ఇన్‌స్ట్రుమెంట్ కేబుల్ 6 మీటర్లు, రెండు మంచి ప్లగ్గులు, 35 లేదా 40 వాట్ల సోల్డరింగ్ ఐరన్, లోపల రోజిన్ ఉన్న 60/40 సోల్డరింగ్ లెడ్ (కరిగించి అతికే తీగ) 0.8 మిల్లీమీటర్లది, బ్లేడు, కట్టర్, మల్టీమీటర్. 25 వాట్ల ఐరన్ మొన తీగకి (మొనకి అతికే మధ్య తీగకి) సరిపోతుంది గానీ షీల్డ్ అతికే ఎర్త్ చెవి లావు రేకు, అది వేడిని లాగేస్తుంది. వేడి చాలక ఐరన్‌ని పదేసి సెకన్లు ఆనిస్తే ఈలోగా ఇన్సులేషన్ కరుగుతుంది. తగరపు పనివాళ్లు వాడే ఆసిడ్ ఫ్లక్స్ ముట్టుకోవద్దు, కొన్నాళ్లకి అతుకుని తినేస్తుంది.

ముందు మూత, బిగింపు ముక్క, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూడూ సరైన వరుసలో వైరుకి ఎక్కించండి. అతికాక గుర్తొస్తే అతుకు మళ్లీ ఊడదీయాలి.

పై తొడుగు 20 మిల్లీమీటర్లు తీయండి. బ్లేడుతో చుట్టూ గీత మాత్రం పెట్టి, వంచి విరిచి లాగాలి. లోతుగా కోస్తే షీల్డ్ పోగులు తెగుతాయి. షీల్డ్‌ని విప్పి, ఒక పక్కకి తెచ్చి మెలిపెట్టండి. ఇప్పుడు లోపల నల్లటి కార్బన్ పొర కనిపిస్తుంది. సొంతంగా చేసిన కేబుళ్లలో ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. అది చూడటానికి ప్లాస్టిక్కే గానీ కరెంటు ప్రవహించే ప్లాస్టిక్. దాన్ని మొన తీగ దాకా వదిలేస్తే మొనకీ ఎర్త్‌కీ మధ్య కొన్ని పదుల, వందల కిలోఓమ్‌ల దారి ఏర్పడుతుంది. శబ్దం తగ్గుతుంది, ట్రెబుల్ చచ్చిపోతుంది, వైరు కదిపితే కరకరలాడుతుంది. మల్టీమీటర్ బీప్ పరీక్షలో మాత్రం కేబుల్ "బాగుంది" అనే చూపిస్తుంది. అందుకని ఆ నల్ల పొరని పై తొడుగు అంచు దాకా గోటితోనో బ్లేడుతోనో ఒలిచేసి, కింద తెల్లటి ఇన్సులేషన్ శుభ్రంగా కనపడేలా చేయండి. నల్ల మరకలు మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

తెల్ల ఇన్సులేషన్ కొస 5 మిల్లీమీటర్లు తీసి, రాగి పోగులు మెలిపెట్టి, పల్చగా లెడ్ పూయండి. షీల్డ్ కొసకీ, ప్లగ్ రెండు చెవులకీ కూడా ముందే పూసుకోండి. తర్వాత మధ్య తీగని మొన చెవికి, షీల్డ్‌ని ఎర్త్ చెవికి ఆనించి, రెండు మూడు సెకన్లు వేడి పెడితే రెండు పూతలూ కలిసిపోతాయి. తక్కువ కెపాసిటెన్స్ కేబుళ్లలో ఇన్సులేషన్ నురగ ప్లాస్టిక్, అది మరీ తొందరగా కరుగుతుంది. చెయ్యి చురుగ్గా ఉండాలి. అతుకు చల్లారేదాకా కదపొద్దు. మెరుస్తూ నున్నగా ఉంటే పట్టింది. మసకగా, గింజలు గింజలుగా ఉంటే మళ్లీ వేడి చేయండి.

షీల్డ్ కంటే మధ్య తీగకి కొంచెం వదులు ఉంచండి. వైరు లాగినప్పుడు భారం ముందు బిగింపు మీద, తర్వాత షీల్డ్ మీద పడాలి, మధ్య తీగ మీద చిట్టచివర పడాలి.

మూత బిగించాక పరీక్ష: మొన నుంచి మొనకి 1 ఓమ్ లోపు, ఒంటి నుంచి ఒంటికి అంతకంటే తక్కువ. మొన నుంచి ఒంటికి మీటర్‌ని 20 మెగాఓమ్‌ల స్కేల్‌లో పెట్టి చూస్తే ఏమీ చూపకూడదు. కార్బన్ పొర తప్పు బీప్‌లో కాదు, ఇక్కడ బయటపడుతుంది. మూడు కొలతలూ తీస్తూ రెండు ప్లగ్గుల దగ్గరా వైరుని నాలుగు వైపులా వంచండి. అంకె గెంతితే ఆ కొస మళ్లీ విప్పాలి.

పాత కేబుల్ కరకరలాడుతుంటే

చాలావరకు కేబుల్ తెగేది ప్లగ్ మూత దగ్గర్లోనే, మొదటి కొన్ని సెంటీమీటర్ల లోపు. వైరు బాగుంటే ఆ ముక్క కోసేసి, పై పద్ధతిలో మళ్లీ అతికితే కొత్తదానితో సమానం. అతికేముందు అసలు తప్పు కేబుల్‌దేనా అని మరో కేబుల్ పెట్టి చూడండి. బేస్ జాక్‌లో మొనని పట్టుకునే రేకు వదులైతే కూడా ఇదే కరకర వస్తుంది. జాక్ విప్పి, ఆ రేకుని కొద్దిగా లోపలికి వంచితే సరిపోతుంది.

తీరం వెంబడి, కళింగపట్నం, బారువ, భోగాపురం లాంటి చోట్ల, ఉప్పు గాలికి నికెల్ ప్లగ్ కూడా మసకబారుతుంది. నెలకోసారి మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మొన, ఒళ్లు తుడవండి. జాక్ లోపలికి కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి, ప్లగ్‌ని పదిసార్లు పెట్టి తీయండి. ఇసుక కాగితం వాడితే పూత పోయి ఇత్తడి బయటపడుతుంది, తర్వాత మరీ తొందరగా నల్లబడుతుంది.

స్టేజీ మీద

కేబుల్‌ని బేస్ పట్టీకీ ఒంటికీ మధ్యనుంచి తెచ్చి జాక్‌లో పెట్టండి. ఎవరైనా తొక్కితే లాగుడు పట్టీ మీద పడుతుంది, జాక్ మీద పడదు.

చుట్టేటప్పుడు మోచేతికి చుట్టడం మానేయండి. ప్రతి చుట్టులోనూ లోపలి తీగ ఒక మెలిక తింటుంది, షీల్డ్ సందులిస్తుంది. మొదటి చుట్టు మామూలుగా చేతిలోకి తీసుకోండి. రెండో చుట్టుకి మణికట్టు లోపలికి తిప్పి, వైరు చుట్టు కిందనుంచి వచ్చేలా పట్టండి. మూడోది మళ్లీ మామూలుగా. ఇలా ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి వెళ్తే మెలికలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. విసిరితే కేబుల్ మెలిక లేకుండా నేల మీద పరుచుకుంటుంది. చుట్టకి వెల్‌క్రో పట్టీ వేయండి. వైరు కొసతోనే ముడి వేస్తే తెగేది ఆ ముడి దగ్గరే.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర, సిరిమానోత్సవం, దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ అక్టోబరు రోజులే ఈ తీరానికి తుపానుల కాలం కూడా: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. ఆ రోజుల్లో ఆరుబయట వాయించాల్సి వస్తే డీఐ బాక్స్‌నీ కేబుళ్లు కలిసే చోట్లనీ నేల మీద ఉంచకండి, ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టండి. ప్లగ్ తడిస్తే మూత విప్పి, నీడలో పూర్తిగా ఆరాకే వాడండి. షీల్డ్‌లోకి ఒకసారి నీళ్లు దిగితే అల్లిక వెంట లోపలికి పాకి, రాగి పచ్చబడుతుంది. అలా పచ్చబడిన భాగం కోసి పారేయడమే, లెడ్ దాని మీద పట్టదు.

యాంప్ హెడ్ వేరుగా, క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) వేరుగా ఉన్నవాళ్లు ఆ రెంటి మధ్య గిటార్ కేబుల్ ఎప్పుడూ వేయొద్దు. రెండు కొసలా అదే జాక్ ఉండటంతో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. 300 వాట్లు 8 ఓమ్‌ల స్పీకర్‌లోకి వెళ్తే 6 ఆంపియర్లు ప్రవహిస్తాయి. గిటార్ కేబుల్ మధ్య తీగ వెంట్రుకల్లాంటి పోగుల కట్ట, అది వేడెక్కి, కరిగి, షార్టైతే యాంప్ ఔట్‌పుట్ కాలిపోవచ్చు. అక్కడ 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల రెండు తీగల స్పీకర్ వైరు వేయాలి. వీలుంటే స్పీకాన్ ప్లగ్గులతో (స్పీకర్లకి వాడే, తిప్పి బిగించే రకం) వేయండి, అవి గిటార్ జాక్‌లో పట్టవు కాబట్టి తారుమారయ్యే భయమే ఉండదు. జాక్ ప్లగ్గులే వాడక తప్పకపోతే స్పీకర్ వైరు రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టి, ఆ వైరుని గిటార్ కేబుళ్ల సంచిలో కాకుండా క్యాబినెట్‌తోనే కట్టి ఉంచండి.